ఎంజీబీ కొనే ముందు తలుపు కింద రేకు చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నారు, గ్యారేజీ లేదు కానీ ఇంటి ముందు కారు పెట్టుకునే జాగా ఉంది. 1978 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఓపెన్ టాప్ ఒకటి ఐదున్నర వేల పౌండ్లకు చూశారు, దాదాపు అదే రేటుకు అలాంటిదే ఒక ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా ఉంది. రెండింట్లో ఏది మేలు, ఇంతవరకు పానా పట్టని మనిషి వీటిని మెయింటెయిన్ చేయగలడా, రోజూ ఆఫీసుకు వాడొచ్చా అని అడిగారు.

ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను, అది తేలిక. రోజూ ఆఫీసుకు వద్దండి. కారు మొరాయిస్తుందని కాదు, బాగా చూసుకుంటే బాగానే నడుస్తుంది. కానీ నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ రేకును తినేస్తుంది. పైగా ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు, ఎం4 హైవే మీద మీ ముందున్న కొత్త కారు సడన్‌గా ఆగితే మీది అంత తొందరగా ఆగదు. ఎండ ఉన్న ఆదివారాలకు, సాయంత్రాలకు ఉంచుకోండి. క్లాసిక్ ఇన్సూరెన్స్ వాళ్లు కూడా సాధారణంగా మీకు ఇంకో మామూలు కారు ఉందా అని అడుగుతారు, ఏడాదికి ఇన్ని మైళ్లే అని లిమిట్ పెట్టి రేటు తగ్గిస్తారు. కారు విలువ ఎంతో ముందే ఒప్పుకునే పాలసీ తీసుకోండి, లేకపోతే ఏదైనా జరిగినప్పుడు పాత కారే కదా అని చిల్లర చేతిలో పెడతారు.

నేను ఉండేది కోవెంట్రీలో. 1972 ఎంజీబీ జీటీ (పైకప్పు ఉన్న రకం) నా దగ్గర పదమూడేళ్లుగా ఉంది. అంతకుముందు ఒక ఓపెన్ టాప్ ఉండేది, దాని దగ్గరే నాకు పాఠం అయ్యింది. అది చెప్తాను, ఎందుకంటే మీరు పంపిన ఫోటోల్లో ఏడు ఇంజన్‌వి, నాలుగు సీట్లవి, ఒక్కటంటే ఒక్కటి కూడా కారు అడుగుది లేదు. నేను కూడా అప్పట్లో అలాగే చూశాను.

ఆ కారు ఎర్రగా మెరిసిపోతూ ఉండేది. ఇంజన్ కడిగిన గిన్నెలా ఉంది, సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. ఎంఓటీ (ఇక్కడ ఏటా చేయించే కారు పరీక్ష) కూడా పాసైంది. రెండేళ్లు బ్రహ్మాండంగా తిరిగాం. మూడో ఏడు డ్రైవర్ వైపు తలుపు వేయడానికి కాస్త ఎత్తి తోయాల్సి వచ్చేది. బిజాగరీ వదులైందేమో అనుకున్నాను. ఒక ముసలి వెల్డర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన తలుపు చూడనే లేదు, కింద కూర్చుని తలుపు కిందున్న సిల్లు మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాడు. ముందు ఠంగుమంది, తర్వాత టప్‌మంది, ఆ తర్వాత అసలు శబ్దమే లేదు. కట్టర్ పెట్టి కోస్తే పైన కొత్త రేకు, దాని కింద పాత రేకు, దాని కింద దోసెడు గోధుమ రంగు పొడి. ఎవరో పాత సిల్లు తీయకుండా దాని మీదే కొత్తది అతికించి, లప్పం పెట్టి, పెయింట్ కొట్టేశారు. నాకు అమ్మినాయనకు తెలుసో తెలియదో, ఆ గొడవ ఇప్పుడెందుకు. రెండు వైపులా బాగుచేయించేసరికి కారు కొన్న డబ్బుకు దగ్గర దగ్గరగా అయింది.

ఇది ఎందుకంత పెద్ద విషయం అంటే, ఎంజీబీకి విడిగా ఛాసీ (బాడీని మోసే ఇనుప చట్రం) లేదు. 1962లో అది వచ్చినప్పుడు అదే దాని గొప్ప, అంతకుముందున్న ఎంజీఏకు వేరే ఛాసీ ఉండేది. ఎంజీబీలో బాడీయే ఛాసీ. ఓపెన్ టాప్‌కు పైకప్పు కూడా లేదు కాబట్టి ముందు సగాన్ని వెనక సగాన్ని కలిపి పట్టుకునేది ముఖ్యంగా ఆ సిల్లులే. బయట సిల్లు, లోపల సిల్లు, మధ్యలో ఒక నిలువు రేకు, అడుగున కాజిల్ రైల్ అనే పట్టీ, ఇవన్నీ కలిసి ఒక పెట్టెలా ఉంటాయి. ఆ పెట్టె కుళ్లితే కారు నడుము దగ్గర వంగుతుంది, తలుపు పట్టేస్తుంది. ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ వస్తుంది. ఇది పోతే బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు ఇప్పటికీ కొత్త బాడీ షెల్ తయారుచేస్తున్నారు, నిజమే, కానీ ఉత్త షెల్లే పది వేల పౌండ్లకు పైమాట.

కాబట్టి వెళ్లినప్పుడు చేయాల్సింది చెప్తాను. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి పలచని గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. సిల్లు మీద, ముందు మడ్‌గార్డ్ వెనక అంచు మీద, వెనక చక్రం చుట్టూ జరుపుతూ పోండి. ఎక్కడ పట్టు వదిలిందో అక్కడ రేకు లేదు, లప్పమే. ముందు చక్రం వెనక లోపలి వైపు మట్టి చేరి ఉండిపోతుంది, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. తర్వాత తలుపుకు, దాని వెనకున్న బాడీ రేకుకు మధ్య సందు చూడండి. కింద ఎంత ఉందో పైన కూడా అంతే ఉండాలి, పైన మూసుకుపోయి ఉంటే నడుము వంగిందన్నమాట. ఆ తర్వాత ఓనరును అడిగి, సిల్లు దగ్గరున్న జాకీ పాయింట్‌లో జాకీ వేసి ఆ వైపు ఎత్తి, తలుపు తీసి వేసి చూడండి. గట్టి కారైతే ఎప్పటిలాగే పడుతుంది. ఎత్తేటప్పుడు లోపల కరకరమన్నా, తలుపు పట్టేసినా థాంక్యూ చెప్పి వచ్చేయండి. ఓనరు ఎత్తనివ్వను అంటే కూడా అంతే. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం కారు కిందికి దూరకండి, ఇప్పుడే కాదు ఎప్పుడూ.

వంగి అడుగు చూసినప్పుడు కాజిల్ రైల్ అంచు కోటగోడ పళ్లలా కనిపించాలి, నున్నగా ఒకే రేకు కప్పేసి ఉంటే అనుమానించండి. సిల్లు మీద స్టీలు కవర్ తొడిగి ఉన్నా అంతే. వెనక స్ప్రింగు పట్టీలు బాడీకి కలిసే చోటు, సీట్ల వెనక బ్యాటరీ పెట్టెల అడుగు, కాళ్ల కింద కార్పెట్ ఎత్తి నేల, ఇవి కూడా. గూగుల్‌లో ఇంకా ముప్పై చెక్‌లిస్టులు దొరుకుతాయి గానీ నా లెక్కలో పైవి బాగుంటే మిగతావన్నీ బేరానికి పనికొచ్చేవే.

ఇక ఇంజన్. దీని గురించి మీరు టెన్షన్ పడుతున్నారు, అసలు మనవాళ్లు టెన్షన్ పడకూడనిదే ఇది. మా మేనమామ తెనాలిలో చాలా ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, దాని పాత పెట్రోల్ ఇంజన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్, 1489 సీసీ. ఎంజీబీలో ఉన్నది అదే బీ సిరీస్, 1798 సీసీ. అన్నదమ్ములే. ఎంజీ అంటేనే మోరిస్ గ్యారేజెస్ (ఇప్పుడు మన ఊళ్లలో షోరూముల్లో కనిపించే ఎంజీ కథ వేరు, ఆ బ్రాండు చైనా కంపెనీది). ఎంజీబీ తయారైన ఆబింగ్డన్ మీ రెడింగ్‌కు దగ్గరే. 1980లో ఆ ఫ్యాక్టరీ మూసే నాటికి అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా చేశారు, విడిభాగాలు ఇప్పటికీ తేలిగ్గా దొరకడానికి అదే కారణం. చాలా పార్టులు ఫోన్ చేస్తే మర్నాటికి ఇంటికి వస్తాయి. నా జపాన్ కారుకు ఒక ప్లాస్టిక్ క్లిప్పు కోసం మూడు వారాలు ఆగాను, అది వేరే సంగతి.

మామయ్య ఇక్కడికి వచ్చినప్పుడు నా జీటీ ఐడిల్‌లో కుంటుతోంది. ఎస్‌యూ రకం కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపేవి) రెండుంటాయి కదా, అవి చూసి "ఒక కార్బురేటర్‌తోనే చస్తుంటే రెండు పెట్టుకున్నావేంట్రా" అన్నాడు. నేను అప్పటికే వాటి మిక్చర్ నట్లు వారం రోజులుగా తిప్పుతున్నాను. ఆయన వాటిని ముట్టుకోనివ్వలేదు. ముందు వాల్వులు చూడు, తర్వాత పాయింట్లు (స్పార్కు కోసం కరెంటు తెంచే కాంటాక్టులు), తర్వాత టైమింగు (స్పార్కు పడే సమయం), అన్నీ అయ్యాకే కార్బురేటర్ అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్ల గ్యాపు మూసుకుపోయి ఉంది. దాన్ని 0.015 అంగుళాలకు సరిచేసేసరికి సగం కుంటుడు పోయింది. ఆ తర్వాత గార్డెన్ పైపు ముక్క ఒకటి మూరెడు కోసి, ఒక కొస చెవిలో, ఇంకో కొస ఒక్కో కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి విన్నాడు. "ఇది ఎక్కువ పీలుస్తోంది, దాన్ని కాస్త మూయి." రెండింటి బుసా ఒకేలా వచ్చేదాకా థ్రాటిల్ స్క్రూలు తిప్పించాడు.

మిక్చర్ పట్టుకునే పద్ధతి కూడా వినికిడే. కార్బురేటర్ పక్కన చిన్న పిన్ను ఉంటుంది, దాంతో లోపలి పిస్టన్‌ను వెంట్రుకవాసి పైకి ఎత్తాలి. ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైంది. పడిపోతే తక్కువైంది. కొంచెం పెరిగినట్టే పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయింది. నా కారులో కింద నట్టుకు ఆరు ముఖాలుంటాయి, ఒకసారికి ఒక్క ముఖం మాత్రమే తిప్పి మళ్లీ వినాలి; మీరు చూస్తున్న 1978 కారులో నట్టుకు బదులు పక్కన స్క్రూ ఉంటుంది, దాన్నీ అలాగే కొంచెం కొంచెంగా తిప్పండి. పైన నల్లమూత విప్పి గొట్టంలో ఆయిల్ ఉందో లేదో చూడటం మర్చిపోవద్దు, అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ గుటక మింగుతుంది. ఇదంతా ఒక శనివారం పని. పుస్తకం ముందు పెట్టుకుని ఎవరైనా చేయొచ్చు, కంప్యూటర్ అక్కర్లేదు.

కొనేటప్పుడు ఇంజన్ వేడెక్కనిచ్చి ఆయిల్ ప్రెజర్ మీటర్ చూడండి. రోడ్డు మీద 50 పైన ఉండాలి, ఐడిల్‌లో 10కి 25కి మధ్య ఉన్నా కంగారు లేదు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ కొడితే ఆయిల్ తాగుతోంది, వాల్వు గైడ్లు గానీ ఇంజన్ బోరు గానీ అరిగి ఉండొచ్చు, బేరం ఆడండి. ఆయిల్ 20డబ్ల్యూ-50 పోయాలి, కొత్త కార్లకు పోసే పల్చటిది కాదు. మీ కారులో గేరు బాక్సుకు కూడా అదే ఇంజన్ ఆయిల్. ఇక్కడ చాలామంది పొరపాటు పడి ఈపీ90 అనే గేరు ఆయిల్ పోస్తారు, అది వెనక యాక్సిల్‌కు. ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు) పనిచేయడం లేదు అని అమ్మేవాడు చెబితే భయపడకండి, ఎక్కువసార్లు ఒక వైరో, స్విచ్చో, ఆయిల్ తగ్గడమో అయి ఉంటుంది.

పెట్రోలు సంగతి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఇ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది. మీరు సూపర్ కొట్టించండి, దానిలో ఇథనాల్ ఐదు శాతానికి మించదు. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు మెత్తబడి చిట్లుతాయి. పక్కనే ఎగ్జాస్ట్ ఉంది, ఆలోచించండి. కొన్న మొదటి వారమే పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 గ్రేడువి వేయించండి. వాల్వు సీట్లు అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోలు ఎటూ పోయింది కాబట్టి, సిలిండర్ హెడ్‌లో గట్టి వాల్వు సీట్లు వేయించారా అని అడగండి. వేయకపోయినా నెమ్మదిగా తిరిగే కారుకు కొంపలేమీ మునగవు, వాల్వు గ్యాపులు మాటిమాటికీ తగ్గిపోతుంటే అప్పుడు వేయించొచ్చు.

కరెంటు. లూకాస్ (అప్పటి బ్రిటిష్ కార్లకు ఎలక్ట్రికల్ సామాను చేసిన కంపెనీ) వైరింగ్ మీద ఇక్కడ బోలెడు జోకులున్నాయి, చీకటి రాకుమారుడు అని పేరు కూడా పెట్టారు. నా అనుభవంలో పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు లూకాస్‌ది కాదు, ఎర్త్‌ది, అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిది. నాలుగైదు దశాబ్దాల తుప్పు మధ్య నుంచి కరెంటు వెనక్కి ఎలా వెళ్తుంది? ఇండికేటర్ వేస్తే సైడు లైటు కూడా మిణుకుమంటుంటే బల్బు మార్చకండి, ఆ లైటు ఎర్త్ విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగించండి. వైరు రంగులు బట్టీపడితే సగం ఎలక్ట్రీషియన్ అయిపోతారు: నలుపు ఎర్త్, గోధుమ ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ కూడా తాళం తిప్పితేనే కానీ ఫ్యూజు తర్వాత, ఊదా ఫ్యూజు ఉన్న శాశ్వత కరెంటు, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు సైడు లైట్లు. అప్పటి బ్రిటిష్ కార్లు చాలావాటికి ఇవే. మీది 1978 కాబట్టి నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్ బాడీకి కలిపింది), కొత్త కార్లలాగే, తలనొప్పి లేదు. 1967 చివరిదాకా వచ్చినవి పాజిటివ్ ఎర్త్, ఫోన్ చార్జర్ పెట్టే ముందు కూడా ఆలోచించాలి.

ఒక్క విషయంలో మాత్రం మీరు సిద్ధంగా ఉండాలి, పెట్రోలు పంపు. తాళం తిప్పగానే వెనక నుంచి టిక్ టిక్ టిక్ అని వినిపించి ఆగుతుంది. అది దాని గుండె చప్పుడు. ఒక రాత్రి ఏ46 రోడ్డు మీద వర్షంలో నా కారు దగ్గి ఆగిపోయింది, తాళం తిప్పితే టిక్ లేదు. మా ఆవిడ గొడుగు పట్టుకుంటే నేను వెనక చక్రం పక్కకు చెయ్యి పోనిచ్చి పానా వెనక వైపుతో దాన్ని రెండు దెబ్బలు కొట్టాను. టిక్ టిక్ మొదలైంది. లోపల పాయింట్లు కాలి అతుక్కుపోతాయి, దెబ్బకు విడిపోతాయి. ఇల్లు చేరేదాకా మూడుసార్లు దిగాను, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ పంపు వేయించాను. మీరు చూస్తున్న కారులో దాని కొస డిక్కీలోంచే అందుతుంది, తడవక్కర్లేదు.

గ్రీజు. ఇదే అసలు మెయింటెనెన్స్, ఇదే అందరూ ఎగ్గొట్టేది. ముందు చక్రాల దగ్గర ఒక్కో వైపు మూడు నిపిళ్లు (గ్రీజు ఎక్కించే చిన్న మొనలు) ఉంటాయి, ప్రతి 3,000 మైళ్లకు, లేదా ఏడాదికి ఒక్కసారైనా, చక్రం గాల్లోకి ఎత్తి స్టాండు మీద పెట్టి గ్రీజు గన్‌తో కొట్టాలి. బరువు నేల మీద ఉంటే గ్రీజు లోపల అన్ని వైపులా చేరదు. కొత్త గ్రీజు అంచుల నుంచి బయటికి వచ్చేదాకా కొట్టండి. గంట పని, డబ్బాకు ఐదారు పౌండ్లు. ఇది చేయని కారుకు కింగ్‌పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులు) అరిగి, బాగుచేయడానికి వందల్లో అవుతుంది. బ్రేకు రబ్బరు పైపులు ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చేయండి, పైకి బాగుండి లోపల ఉబ్బిపోతాయి, బ్రేకు వదిలినా చక్రం పట్టుకునే ఉంటుంది. పానాలు మాత్రం అంగుళాల సైజువి కొనండి. మీ దగ్గరున్న మెట్రిక్ సెట్‌తో మొదలుపెడితే నట్టు తలలన్నీ గుండ్రమవుతాయి.

ఇక స్పిట్‌ఫైర్. అది మా కోవెంట్రీ బిడ్డ, కాన్లీలో తయారైంది కాబట్టి తక్కువ చేసి మాట్లాడను. ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారు ఛాసీని కుదించి దాని మీద కట్టారు, మద్రాసులో స్టాండర్డ్ వాళ్లు చేసిన హెరాల్డ్ మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బానెట్, మడ్‌గార్డులు కలిపి మొత్తం ముందుకు తెరుచుకుంటాయి, టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు, నేర్చుకోవడానికి ఇంతకంటే సుఖమైన కారు లేదు. చూడాల్సినవి రెండు. ఇంజన్ నడుస్తుండగా ఎవరినైనా క్లచ్ తొక్కమని, ముందున్న క్రాంక్ పుల్లీ ముందుకీ వెనక్కీ కదులుతుందేమో చూడండి, కంటికి కనిపించేంత కదిలితే లోపల క్రాంకును ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టే థ్రస్ట్ వాషర్లు అరిగాయి, పడిపోతే ఇంజన్ బ్లాకే పాడవుతుంది. రెండోది, ముందు ట్రనియన్లకు (చక్రం పక్కకు తిరిగే కీళ్లకు) గ్రీజు కాదు, చిక్కటి గేరు ఆయిల్ పెట్టాలి, పెట్టకపోతే విరిగి చక్రం పక్కకు పడుకుంటుంది. ఓనరును "ట్రనియన్లకు ఏం పెడతారు" అని అమాయకంగా అడగండి, ఆ జవాబుతో కారు ఎలాంటి చేతుల్లో పెరిగిందో తెలిసిపోతుంది.

మీ ఎత్తు ఆరడుగులన్నారు కాబట్టి, హైవే మీద కూడా వెళ్లాలని ఉంది కాబట్టి నా ఓటు ఎంజీబీకే. రబ్బరు బంపర్లని, అమెరికా రూల్స్ కోసం అంగుళంన్నర ఎత్తు పెంచారని దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. చూడనివ్వండి, అందుకే మీకు ఆ రేటుకు వస్తోంది. క్రోమ్ బంపర్ కారు ఇదే కండిషన్‌లో ఇంకా ఎక్కువ పలుకుతుంది. పైగా 1977 మోడల్ నుంచి ఎలక్ట్రిక్ ఫ్యాను ఇచ్చారు, ట్రాఫిక్‌లో వేడెక్కే బాధ తక్కువ.

ఖర్చు: నలభై ఏళ్లు దాటింది కాబట్టి రోడ్ టాక్స్ సున్నా (కానీ హిస్టారిక్ క్లాసులోకి మార్చారా, కాగితం చూడండి), లండన్ యూలెజ్ (కాలుష్య రుసుము) కూడా పడదు. పెద్ద మార్పులు చేయని కారైతే ఎంఓటీ కూడా తప్పనిసరి కాదు. అయినా నేను ఏటా చేయిస్తాను, 54.85 పౌండ్ల లోపు ఫీజుకు ఒక మనిషి కారును పైకెత్తి లైటు వేసి అడుగంతా చూస్తాడు, అంత చవగ్గా ఎవరు చూస్తారు? ఈ కారుకు ఎంఓటీ ఎప్పటిదాకా చేయించారో నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో చూడండి. 2018లో మినహాయింపు రాగానే ఆపేశారంటే, ఆ ముందు ఏళ్లలో తుప్పు అని ఎన్నిసార్లు రాశారో చదవండి. గ్యారేజీ లేదన్నారు కదా, గాలి ఆడే కవర్ కొనండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమట పట్టి వర్షం కంటే ఎక్కువ పాడుచేస్తుంది. మొదటి వేసవిలోనే సిల్లుల లోపలికి వాక్సాయిల్ (తుప్పు పట్టకుండా కొట్టే మైనం లాంటి ద్రవం) కొట్టించండి.

శనివారం వెళ్తున్నానన్నారు. ముందే ఫోన్ చేసి నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అని చెప్పండి. వెళ్లగానే ఇంకేం చూడకుండా బానెట్ తీయించి రేడియేటర్ పైపు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు ఈ కారు ఏం చేస్తుందో మీరు చూడటం ఆయనకు ఇష్టం లేదన్నమాట. చల్లగా ఉంటే అయస్కాంతం బయటికి తీయండి. సిల్లు ఫోటోలు ఈసారి పడుకుని తీసి పంపండి, చూసి చెప్తాను.